పన్నెండు క్రెడిట్ల చదువు: పబ్లిక్ పాలసీ సర్టిఫికెట్ ఎవరికి గిట్టుబాటు?

అమెరికా యూనివర్సిటీల్లో పబ్లిక్ పాలసీ గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్ అంటే మామూలుగా 12 నుంచి 18 క్రెడిట్ల చదువు. తక్కువలో తక్కువ 12 క్రెడిట్లు తీసుకుని గంటల్లోకి మార్చినా 540 గంటలవుతుంది. ఇలాంటి యూనివర్సిటీలే ఆన్‌లైన్‌లో పొట్టి కోర్సులూ నడుపుతుంటాయి. మూడు వారాల పాటు, వారానికి ఆరు గంటల చొప్పున సాగే కోర్సైతే మొత్తం 18 గంటలు. చివర్లో దానికీ ఒక సర్టిఫికెట్ వస్తుంది, దాని మీదా యూనివర్సిటీ ముద్ర ఉంటుంది. రెండింటి మధ్య తేడా మాత్రం 30 రెట్లు.

ఈ తేడా గమనించక ఫీజు కట్టేసి తర్వాత నాలుక కరుచుకునేవాళ్లు కొందరు. సర్టిఫికెట్‌ను డిగ్రీతో సమానమనుకుని వీసా మీద ఆశలు పెట్టుకునేవాళ్లు ఇంకొందరు. తమకు నిజంగా అక్కరకొచ్చే చదువును ‘సర్టిఫికెట్టే కదా’ అని కొట్టిపారేసేవాళ్లూ ఉన్నారు. ఈ ముగ్గురికీ తెలియాల్సింది ఒక్కటే. చూడాల్సింది సర్టిఫికెట్ పేరు కాదు, దాని వెనకున్న క్రెడిట్లు. చేతిలో ఇప్పటికే ఒక వృత్తి ఉన్నవారికి ఈ చదువు మంచి చేర్పు. వృత్తీ అనుభవమూ లేనివారికి మాత్రం ఇది డిగ్రీకి బదులు కాదు. ఎందుకో అంకెల్లోనే చూద్దాం.

ఒక క్రెడిట్‌కు ఎన్ని గంటలు?

అమెరికా ఫెడరల్ నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్ క్రెడిట్ అంటే వారానికి ఒక గంట తరగతి, దానికి తోడు కనీసం రెండు గంటల సొంత చదువు. ఇది సుమారు 15 వారాలు సాగుతుంది. అంటే ఒక క్రెడిట్‌కు 45 గంటలు. ఒక సబ్జెక్టుకు సాధారణంగా 3 క్రెడిట్లు కాబట్టి సబ్జెక్టుకు 135 గంటలు. నాలుగు సబ్జెక్టులు చదివితే 12 క్రెడిట్లు, 540 గంటలు. ఆరు చదివితే 18 క్రెడిట్లు, 810 గంటలు.

ఉద్యోగం చేసుకుంటూ సెమిస్టర్‌కు ఒక్క సబ్జెక్టు తీసుకుంటే వారానికి 9 గంటలు పక్కన పెట్టాలి. రెండు తీసుకుంటే 18 గంటలు. పిల్లలున్న ఇంట్లో వారానికి 18 గంటలు తీయడం ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు. అందుకే ఉద్యోగస్తులు ఎక్కువగా ఒక్కో సబ్జెక్టుతోనే నడుస్తారు. ఫాల్, స్ప్రింగ్, సమ్మర్ సెషన్లన్నీ వాడుకున్నా నాలుగు సబ్జెక్టులు పూర్తవడానికి ఏడాదిన్నర దాకా పడుతుంది.

పక్కన మాస్టర్స్‌ను పెట్టి చూస్తే బొమ్మ పూర్తవుతుంది. మాస్టర్ ఆఫ్ పబ్లిక్ పాలసీకి (ఎంపీపీ) సాధారణంగా 36 నుంచి 48 క్రెడిట్లు, అంటే 1,620 నుంచి 2,160 గంటలు. 12 క్రెడిట్ల సర్టిఫికెట్ అందులో మూడో వంతో, నాలుగో వంతో.

దేశం మారితే లెక్క మారుతుంది

ఒక్కో దేశంలో ఈ చదువుకు ఒక్కో పేరు, ఒక్కో కొలత. గంటల్లోకి మారిస్తే గానీ పోల్చలేం.

• అమెరికా: 12-18 క్రెడిట్లు, 540-810 గంటలు. సిరక్యూస్ యూనివర్సిటీలో ఇలాంటి చదువును ‘సర్టిఫికెట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీ’ అంటారు.

• బ్రిటన్: పోస్ట్‌గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్‌కు 60 క్రెడిట్లు. అక్కడ ఒక క్రెడిట్ అంటే 10 గంటలే కాబట్టి మొత్తం 600 గంటలు. పోస్ట్‌గ్రాడ్యుయేట్ డిప్లొమాకు 120 క్రెడిట్లు, మాస్టర్స్‌కు 180 క్రెడిట్లు.

• ఆస్ట్రేలియా: గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్ అక్కడి జాతీయ అర్హతల చట్రంలో 8వ స్థాయి. వ్యవధి ఆరు నెలల నుంచి ఏడాది. మాస్టర్స్ 9వ స్థాయి.

• భారత్: జాతీయ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ ప్రకారం ఒక క్రెడిట్‌కు 30 గంటలు, ఏడాదికి 40 క్రెడిట్లు. ఆ లెక్కన ఆరు నెలల పూర్తికాల చదువు 20 క్రెడిట్లు, 600 గంటలు. ఇగ్నో కూడా మొదటి నుంచీ క్రెడిట్‌కు 30 గంటలే లెక్కవేస్తోంది.

అమెరికాలో 12, భారత్‌లో 20, బ్రిటన్‌లో 60. క్రెడిట్ల సంఖ్య చూస్తే ఎక్కడా పొంతన లేదు. గంటలు చూస్తే 540, 600, 600. అసలు గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్ పరిమాణం ఇంచుమించు ఇదే. మీ ముందున్న కోర్సు 60 గంటలదో, 100 గంటలదో అయితే అది మంచిది కావచ్చు గానీ ఈ కోవలోకి రాదు.

బ్రిటన్‌కు దరఖాస్తు చేసేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. అక్కడ ‘గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్’ 6వ స్థాయి, అంటే బీఏ ఆఖరి ఏడాదితో సమానం. ‘పోస్ట్‌గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్’ 7వ స్థాయి, అంటే మాస్టర్స్ స్థాయి. అమెరికాలో గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్ అనేదానికి బ్రిటన్‌లో జోడీ రెండోదే.

నాలుగు సబ్జెక్టుల్లో ఏం చెబుతారు?

పబ్లిక్ పాలసీ సర్టిఫికెట్లలో సబ్జెక్టుల కూర్పు ఎక్కడైనా దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. ఒకటి, ప్రభుత్వ నిర్ణయాలకు పనికొచ్చే అర్థశాస్త్రం. రెండు, గణాంకాలు లేదా పథకాల ఫలితాల మూల్యాంకనం. మూడు, విధానం ఎలా పుడుతుంది, ఎవరు అడ్డుపడతారు, ఎలా అమలవుతుంది అనే రాజకీయ ప్రక్రియ. నాలుగోది మీ ఇష్టం: ఆరోగ్యం, పర్యావరణం, పట్టణాలు, టెక్నాలజీ, ప్రభుత్వ బడ్జెట్ ఇలా ఏదో ఒకటి.

ఈ నాలుగింటిలో ఉద్యోగ మార్కెట్ ఎక్కువ విలువిచ్చేది రెండోదానికి. అందులో ఏం నేర్పుతారో తెలియాలంటే మన మండలాల్లోనే జరిగిన ఒక అధ్యయనాన్ని తీసుకుందాం. ప్రపంచమంతటా పాలసీ తరగతుల్లో చదివించే పరిశోధనల్లో ఇదొకటి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి డబ్బులు, సామాజిక పింఛన్లు వేలిముద్రలతో పనిచేసే స్మార్ట్‌కార్డుల ద్వారా ఇవ్వాలని ప్రభుత్వం తలపెట్టింది. 2010లో 8 జిల్లాల్లో దీన్ని ప్రవేశపెట్టేటప్పుడు ఏ మండలానికి ముందు, ఏ మండలానికి తర్వాత అన్నది లాటరీ పద్ధతిలో తేల్చారు. 112 మండలాలకు ముందు వచ్చింది, 45 మండలాలకు చివర్లో వచ్చింది. అధ్యయనంలో లెక్కలోకి తీసుకున్నవి ఈ 157 మండలాలు, సుమారు 1.9 కోట్ల జనాభా. రెండేళ్ల తర్వాత రెండు గుంపుల్లోనూ ఇంటింటికీ వెళ్లి సర్వే చేశారు. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ రాసిన ఈ పరిశోధన పత్రం 2016లో అమెరికన్ ఎకనమిక్ రివ్యూలో వచ్చింది.

లాటరీ ఎందుకు? మంచి అధికారి ఉన్న మండలంలోనో, బ్యాంకు దగ్గర్లో ఉన్న మండలంలోనో ముందు మొదలుపెడితే, తర్వాత కనిపించిన మేలు కార్డుదా, అధికారిదా, బ్యాంకుదా అని తేల్చలేం. లాటరీ వేస్తే రెండు గుంపుల్లోనూ మంచి అధికారులు, చెడ్డ అధికారులు, కరువు, వర్షం అన్నీ సగటున సమానంగా పడతాయి. మిగిలే తేడా కార్డు ఒక్కటే. మూల్యాంకనంలో మొదటి పాఠం ఇది.

రెండో పాఠం ఇంకా ఆసక్తికరం. కార్డులు ముందు వచ్చిన మండలాల్లో కూడా చెల్లింపుల్లో దాదాపు సగమే కొత్త పద్ధతిలో జరిగాయి. కొన్ని ఊళ్లలో పథకం అసలు మొదలే కాలేదు. సరిగ్గా అమలైన ఊళ్లను మాత్రమే ఏరి లెక్కవేస్తే ఫలితం ఇంకా ఘనంగా కనిపించేది. పరిశోధకులు అలా చేయలేదు. అమలైనా కాకపోయినా లాటరీలో ముందు వచ్చిన మండలాలన్నిటినీ ఒక గుంపుగానే చూశారు. ప్రభుత్వానికి కావలసింది ‘పథకం సవ్యంగా నడిస్తే ఎంత మేలు’ అనే జవాబు కాదు. ‘మన వ్యవస్థలో, మన లోపాలతో నడిపిస్తే ఎంత మేలు’ అన్నది.

అలా లెక్కవేసినా కూలి డబ్బు అందడంలో ఆలస్యం నాలుగో వంతుకు పైగా తగ్గింది. డబ్బు తీసుకోవడానికి వెళ్లిన ప్రతిసారీ కూలీకి సుమారు 20 నిమిషాలు మిగిలాయి. ఉపాధి హామీ నిధుల లీకేజీ మూడో వంతుకు పైగా తగ్గింది.

మూడో పాఠం ఖర్చు లెక్క. ఆదా అయిన నిమిషాలకు కూలి రేటు కట్టి చూస్తే, ఆ ఒక్క లాభమే ఈ ఏర్పాటుకు అయిన ఖర్చుకు సరిపోయింది. లీకేజీ తగ్గడం వల్ల వచ్చింది ఆ పైన లాభం.

12 క్రెడిట్ల సర్టిఫికెట్ చేసినవారు ఇలాంటి పత్రాన్ని చదివి, అందులో బలమెక్కడ, లోటెక్కడ అని చెప్పగలగాలి. అలాంటి అధ్యయనాన్ని సొంతంగా రూపొందించి, 157 మండలాల డేటాను విశ్లేషించడం రావాలంటే మాత్రం మాస్టర్స్ గంటలు కావాలి. సర్టిఫికెట్‌కూ డిగ్రీకీ మధ్య అసలు గీత ఇక్కడుంది.

పక్క రంగాలనూ చూడాలి

పబ్లిక్ పాలసీ అనే పేరుతోనే సర్టిఫికెట్ చేయాలని లేదు. చాలామందికి దాని పక్క రంగమే ఎక్కువ పనికొస్తుంది. సివిల్ ఇంజినీర్‌కు పట్టణ ప్రణాళిక లేదా జీఐఎస్ (భౌగోళిక సమాచార వ్యవస్థలు), డాక్టర్‌కూ నర్సుకూ హెల్త్ పాలసీ లేదా పబ్లిక్ హెల్త్, స్వచ్ఛంద సంస్థలో పనిచేసేవారికి నాన్‌ప్రాఫిట్ మేనేజ్‌మెంట్, అకౌంటెంట్‌కు పబ్లిక్ ఫైనాన్స్, సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి టెక్నాలజీ పాలసీ. పాత వృత్తిని వదిలేయకుండా దానికి ప్రభుత్వ కోణాన్ని కలిపేవే వీటిలో మంచి జోడీలు.

అంతర్జాతీయంగా పేరున్న మూడు నమూనాలు చూస్తే ఎంపికలు ఎంత భిన్నంగా ఉంటాయో తెలుస్తుంది.

హార్వర్డ్ ఎక్స్‌టెన్షన్ స్కూల్‌ది క్రెడిట్ల నమూనా. అక్కడి గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్లకు నాలుగు కోర్సులు. కోర్సుకు 4 క్రెడిట్ల చొప్పున 16. మూడేళ్లలో పూర్తిచేయాలి.

హార్వర్డ్ కెన్నెడీ స్కూల్ పబ్లిక్ లీడర్‌షిప్ క్రెడెన్షియల్‌ది పూర్తిగా ఆన్‌లైన్ నమూనా. మొత్తం ఆరు కోర్సులు. ఆధారాలతో నిర్ణయాలు తీసుకోవడం, నాయకత్వం-నైతికత, విధానాల రూపకల్పన-అమలు అనే మూడు విభాగాల్లో ఉంటాయి.

ఎంఐటీ మైక్రోమాస్టర్స్‌ది మెట్ల నమూనా. డేటా, అర్థశాస్త్రం, విధాన రూపకల్పనలను కలిపిన ఈ కోర్సును తీర్చిదిద్దినవారిలో 2019 నోబెల్ గ్రహీతలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో ఉన్నారు. పాఠాలు ఉచితంగా వినొచ్చు. సర్టిఫికెట్ కావాలంటే పర్యవేక్షణలో పరీక్షలు రాయాలి. ఫీజు అందరికీ ఒకటి కాదు, అభ్యర్థి ఆదాయాన్ని బట్టి మారుతుంది. ఇది పూర్తిచేసినవారు ఎంఐటీలో మాస్టర్స్‌కు దరఖాస్తు చేయొచ్చు. ఎంపికైతే ఆన్‌లైన్‌లో చదివింది అందులో కలుస్తుంది, క్యాంపస్‌లో ఉండాల్సిన కాలం బాగా తగ్గుతుంది. డబ్బు తక్కువ, గణితం ఎక్కువ ఉన్న తెలుగు విద్యార్థికి ఈ మూడింటిలో ముందు చూడాల్సింది ఇదే.

ఫీజు లెక్క

అమెరికాలో క్రెడిట్ ధర యూనివర్సిటీని బట్టి కొన్ని వందల డాలర్ల నుంచి రెండు వేల డాలర్లు దాటేదాకా ఉంటుంది. లెక్క కోసం క్రెడిట్ 800 డాలర్లు అనుకుందాం. 12 క్రెడిట్లకు 9,600 డాలర్లు. దాన్ని 540 గంటలతో భాగిస్తే గంటకు 18 డాలర్ల లోపే. పైన చెప్పిన 18 గంటల పొట్టి కోర్సుకు 1,800 డాలర్లు అనుకోండి. మొత్తం తక్కువగానే కనిపిస్తుంది గానీ గంటకు 100 డాలర్లు. ఏ కోర్సు చవక అన్నది మొత్తం ఫీజు చూసి తేల్చకూడదు. గంటలతో భాగించి చూడాలి.

అమెరికాలో ఉద్యోగం చేస్తున్న తెలుగువాళ్లలో చాలామంది వాడుకోని వెసులుబాటు ఒకటుంది. అక్కడి ఆదాయపన్ను చట్టం 127వ సెక్షన్ కింద కంపెనీ తన ఉద్యోగి చదువుకు ఏడాదికి 5,250 డాలర్ల దాకా ఇస్తే, ఆ మొత్తం మీద ఉద్యోగి పన్ను కట్టక్కర్లేదు. గ్రాడ్యుయేట్ స్థాయి చదువుకూ ఇది వర్తిస్తుంది. అయితే కంపెనీకి అలాంటి పథకం ఉండాలి. ఇది క్యాలెండర్ ఏడాది లెక్క. సగం ఫీజు ఒక ఏడాది ఫాల్‌లో, మిగతా సగం మరుసటి ఏడాది స్ప్రింగ్‌లో పడేలా చూసుకుంటే రెండేళ్ల పరిమితి కలిపి 10,500 డాలర్లు. మన లెక్కలోని 9,600 డాలర్లు అందులో పూర్తిగా ఇమిడిపోతాయి. చదువు మొదలుపెట్టే ముందే హెచ్ఆర్ దగ్గర అడిగి తెలుసుకోవాలి. కొన్ని కంపెనీలు ఇన్ని మార్కులు రావాలని, చదివాక ఇన్నాళ్లు సంస్థలోనే ఉండాలని షరతులు పెడతాయి.

వీసా దగ్గరే అసలు చిక్కు

2024-25లో అమెరికాలో ఉన్న భారతీయ విద్యార్థులు 3,63,019 మంది. వారిలో తెలుగువాళ్ల వాటా చిన్నది కాదు. అందుకే ఏ కోర్సు మాటెత్తినా మన ఇళ్లలో వెంటనే వచ్చే ప్రశ్న, ‘ఓపీటీ (చదువు తర్వాత కొంతకాలం పనిచేసే అనుమతి) వస్తుందా?’ అని. సర్టిఫికెట్ విషయంలో ఐదు అంకెలు గుర్తుంచుకుంటే చాలు.

మొదటిది 9. ఎఫ్-1 వీసా మీద ఉన్న పీజీ విద్యార్థి సాధారణంగా సెమిస్టర్‌కు 9 క్రెడిట్లు చదవాలి. అలా చదివితే 12 క్రెడిట్ల సర్టిఫికెట్ రెండో సెమిస్టర్‌లోనే అయిపోతుంది.

రెండోది 3. పూర్తికాల చదువు లెక్కలోకి సెమిస్టర్‌కు ఒక్క ఆన్‌లైన్ కోర్సు, అంటే 3 క్రెడిట్లే వస్తాయి. కాబట్టి పూర్తిగా ఆన్‌లైన్‌లో సాగే సర్టిఫికెట్ పేరు మీద ఎఫ్-1 దొరకదు.

మూడోది 24. స్టెమ్ విద్యార్థులకు ఓపీటీ మీద అదనంగా దొరికే 24 నెలల పొడిగింపుకు బ్యాచిలర్స్, మాస్టర్స్ లేదా డాక్టరేట్ డిగ్రీ ఉండాలి. సర్టిఫికెట్ సరిపోదు, అది డేటా అనలిటిక్స్ సర్టిఫికెట్ అయినా సరే. ఎంపీపీ డిగ్రీలు కూడా అన్నీ స్టెమ్ కిందకు రావు. ఆ కోర్సు ఏ సిప్ కోడ్ (కోర్సుల వర్గీకరణ సంఖ్య) కింద నమోదైందో చూసుకోవాలి.

నాలుగోది 20,000. హెచ్-1బీలో ఏటా 65,000 మామూలు కోటా కాక, అమెరికాలో మాస్టర్స్ లేదా అంతకంటే పై డిగ్రీ చేసినవారికి మరో 20,000 ఉంటాయి. సర్టిఫికెట్‌తో ఈ రెండో కోటాలో చోటు రాదు.

ఐదోది 8, ఇది కెనడాకు సంబంధించింది. చదువు తర్వాత అక్కడ వర్క్ పర్మిట్ రావాలంటే కోర్సు కనీసం 8 నెలలు ఉండాలి. రెండేళ్ల లోపు సర్టిఫికెట్ కోర్సుకు పర్మిట్ కూడా కోర్సు ఎంత కాలమో అంతే. మాస్టర్స్‌కు మాత్రం 2024 ఫిబ్రవరి నుంచి, కోర్సు 8 నెలలదైనా మూడేళ్ల పర్మిట్‌కు వీలుంది. పైగా 2024 నవంబరు నుంచి కాలేజీ సర్టిఫికెట్లలో ఎంపిక చేసిన రంగాలకే పర్మిట్ ఇస్తున్నారు. ఆ జాబితాలో మీ కోర్సు ఉందో లేదో చూసుకోకుండా అడుగు ముందుకు వేయొద్దు.

అంటే ఇండియా నుంచి అప్పు చేసి, ఒక్క సర్టిఫికెట్ కోసం విమానమెక్కడం ఏ రకంగానూ గిట్టదు. ఏ కన్సల్టెన్సీ అయినా ‘ముందు సర్టిఫికెట్‌తో వెళ్లండి, తర్వాత చూసుకోవచ్చు’ అంటే ఈ ఐదు అంకెలూ వాళ్ల ముందు పెట్టండి.

ఇప్పటికే అక్కడున్నవారి సంగతి వేరు. హెచ్-1బీ ఉద్యోగి వీసా మార్చుకోకుండానే పార్ట్‌టైమ్‌గా చదువుకోవచ్చు. హెచ్-4 మీద ఉన్న జీవిత భాగస్వామి పార్ట్‌టైమ్‌గానో, ఫుల్‌టైమ్‌గానో చదువుకోవచ్చు. పెళ్లయి వెళ్లాక కెరీర్ ఆగిపోయిన తెలుగు అమ్మాయిలకు ఇది నిజంగా పనికొచ్చే దారి. ఇక్కడ టీచరుగానో, జర్నలిస్టుగానో, లాయరుగానో పనిచేసి వెళ్లినవారు ఏడాదిలో 12 క్రెడిట్లు పూర్తిచేస్తే రెజ్యూమెలో ఖాళీ భర్తీ అవుతుంది, అక్కడి ప్రొఫెసర్ల సిఫారసు లేఖలూ దొరుకుతాయి. చదువుకు అనుమతి ఉన్నంత మాత్రాన పనికి అనుమతి ఉన్నట్టు కాదు. ఉద్యోగం చేయాలంటే ఈఏడీ (పని అనుమతి పత్రం) ఉండాలి, అది హెచ్-4లో అందరికీ రాదు.

మన దగ్గర ఏమున్నాయి?

ఇక్కడే ఉండి చదవాలనుకునేవారికి దారులు మూడు రకాలు.

మొదటిది, ఉద్యోగంతో పాటు సాగే చిన్న కోర్సులు. బెంగళూరులోని తక్షశిల ఇన్‌స్టిట్యూషన్ 12 వారాల ఆన్‌లైన్ గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్ ఇన్ పబ్లిక్ పాలసీ నడుపుతోంది. టెక్నాలజీ, రక్షణ-విదేశాంగం వంటి ప్రత్యేక విభాగాలూ ఉన్నాయి. వారానికి పది గంటలు పెట్టినా 120 గంటలవుతుంది. ఈ రంగం తమకు నచ్చుతుందో లేదో తేల్చుకోవడానికి ఇది చాలు. యూనివర్సిటీ డిగ్రీలో కలిసే క్రెడిట్లు మాత్రం రావు.

రెండోది, కెరీర్ మధ్యలో ఉన్నవారి కోసం నడిచేవి. ఐఐఎం బెంగళూరు ప్రభుత్వాధికారులను దృష్టిలో పెట్టుకుని 2002లోనే పబ్లిక్ పాలసీ ప్రోగ్రామ్ మొదలుపెట్టింది. ఐఎస్‌బీలో భారతీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ పాలసీ పనిచేస్తున్న ఉద్యోగుల కోసం ప్రత్యేకంగా కోర్సు నడుపుతోంది.

మూడోది, పూర్తి డిగ్రీ. హైదరాబాద్‌లో గీతం డీమ్డ్ యూనివర్సిటీ ఆధ్వర్యంలో కౌటిల్య స్కూల్ ఆఫ్ పబ్లిక్ పాలసీ 2021లో మొదలైంది. అక్కడ రెండేళ్ల ఎంపీపీ ఉంది. బెంగళూరు నేషనల్ లా స్కూల్ 2014 నుంచి ఎంపీపీ ఇస్తోంది.

రెండేళ్ల పీజీలో చేరి మధ్యలో ఆగాల్సి వచ్చినా ఇప్పుడు చేతులు ఊపుకుంటూ రానక్కర్లేదు. కొత్త విధానంలో ఏడాది పూర్తిచేసి 40 క్రెడిట్లు సాధించి బయటికొస్తే పీజీ డిప్లొమా ఇస్తారు. ఆ క్రెడిట్లు అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో గరిష్ఠంగా ఏడేళ్లు చెల్లుతాయి. యూజీసీ 2022 నుంచి ఒకేసారి రెండు కోర్సులు చేయడానికీ అనుమతిచ్చింది. కాబట్టి ఎంఏ చదువుతూ ఇగ్నో లాంటి చోట దూరవిద్యలో ఇంకొకటి చేయొచ్చు.

చదువుకు డబ్బు కట్టకుండా, స్టయిపెండ్ తీసుకుంటూ పని నేర్చుకునే దారి కూడా ఉంది. పీఆర్ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ 2010 నుంచి నడుపుతున్న ల్యాంప్ ఫెలోషిప్‌లో ఎంపికైన డిగ్రీ పట్టభద్రులు ఒక ఎంపీ దగ్గర పార్లమెంటు పనిలో సహాయకులుగా ఉంటారు. ప్రశ్నలు తయారుచేయడం, బిల్లులు చదివి నోట్ రాయడం వాళ్ల పని. 25 ఏళ్ల లోపువారికి చాలా సర్టిఫికెట్ల కంటే ఈ అనుభవమే బరువైనది.

సివిల్స్, గ్రూప్-1 అభ్యర్థులకు ఒక మాట. ఆ పరీక్షలకు కావలసిన అర్హత డిగ్రీ. ఈ సర్టిఫికెట్‌కు ప్రత్యేకంగా మార్కులేమీ కలవవు. సివిల్స్ మెయిన్స్‌లో 250 మార్కుల జనరల్ స్టడీస్ రెండో పేపర్‌లో పాలన, సామాజిక న్యాయం ఉంటాయి కాబట్టి చదివింది కొంత పనికొస్తుంది. దానికోసమే ఫీజు కట్టడం మాత్రం దండగ.

డిగ్రీకి మెట్టు అవుతుందా?

ఇవాళ సర్టిఫికెట్, రెండేళ్ల తర్వాత మాస్టర్స్ అనుకునేవారికి అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇది. అదే యూనివర్సిటీలో ఎంపీపీలో గానీ, ఎంపీఏలో (మాస్టర్ ఆఫ్ పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్) గానీ చేరితే సర్టిఫికెట్ క్రెడిట్లు చాలాచోట్ల పూర్తిగా కలుస్తాయి. 36 క్రెడిట్ల మాస్టర్స్‌లో 12 ముందే అయిపోయినట్టే, మిగిలేది 24. యూనివర్సిటీ మారితే మాత్రం సాధారణంగా 6 నుంచి 9 క్రెడిట్లకే ఒప్పుకుంటారు. అప్పుడు మిగతావి నీళ్లపాలే. దీనికి తోడు కాలపరిమితి ఉంటుంది, మార్కుల షరతు ఉంటుంది. కాబట్టి చివరికి మాస్టర్స్ ఎక్కడ చేయాలనుకుంటున్నారో ముందు తేల్చుకుని, సర్టిఫికెట్ అక్కడే మొదలుపెట్టడం తెలివైన పని.

గుర్తింపు విషయంలోనూ జాగ్రత్త కావాలి. అమెరికాలో పబ్లిక్ పాలసీ, పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ చదువులకు గుర్తింపునిచ్చే సంస్థ నాస్పా. అది మాస్టర్స్ డిగ్రీలకే గుర్తింపు ఇస్తుంది, సర్టిఫికెట్లకు ఇవ్వదు. ‘మాది నాస్పా గుర్తింపు ఉన్న స్కూల్’ అని ప్రకటనలో ఉంటే అది వాళ్ల మాస్టర్స్ గురించి చెబుతున్న మాట. సర్టిఫికెట్ విషయంలో చూడాల్సింది యూనివర్సిటీకి మొత్తంగా ఉన్న గుర్తింపు, ఆ నాలుగు సబ్జెక్టులూ మాస్టర్స్ విద్యార్థులతో కలిసి కూర్చుని చదివేవేనా అన్నది. అదే తరగతి, అదే ప్రొఫెసర్, అదే పరీక్ష అయితే చదువు నాణ్యత గురించి బెంగ అక్కర్లేదు.

ఫీజు కట్టే ముందు

యూనివర్సిటీకి ఒక మెయిల్ రాసి ఈ ఐదు ప్రశ్నలకు జవాబు తీసుకోండి.

1. మొత్తం ఎన్ని క్రెడిట్లు, ఎన్ని గంటలు? ట్రాన్‌స్క్రిప్ట్‌లో క్రెడిట్లు కనిపిస్తాయా?
2. ఈ క్రెడిట్లు మీ మాస్టర్స్‌లో ఎన్ని కలుస్తాయి? ఎన్నేళ్ల లోపు చేరాలి?
3. గణాంకాలు లేదా మూల్యాంకనం సబ్జెక్టు తప్పనిసరా? అందులో విద్యార్థులు డేటాతో సొంతంగా పనిచేస్తారా?
4. తరగతులు క్యాంపస్‌లోనా, ఆన్‌లైన్‌లోనా? నా వీసాకు అది సరిపోతుందా?
5. నిరుటి బ్యాచ్‌లో ఎంతమంది చేరారు, ఎంతమంది పూర్తిచేశారు?

మూడో ప్రశ్నకు ‘కాదు’ అని జవాబొస్తే ఇంకో కోర్సు వెతుక్కోండి. లెక్కలు లేని పాలసీ చదువు ఉపన్యాసాలకు పనికొస్తుంది గానీ ఉద్యోగానికి పనికిరాదు. చేతిలో వృత్తి ఉండి, కంపెనీ ఫీజు భరిస్తూ, క్రెడిట్లు డిగ్రీలో కలుస్తాయని యూనివర్సిటీ రాతపూర్వకంగా మాటిస్తే ధైర్యంగా చేరండి. ఈ మూడింటిలో ఒక్కటీ లేకపోతే ఆ డబ్బూ ఆ 540 గంటలూ మాస్టర్స్ కోసం దాచుకోండి.